వైఖరి దిద్దుబాటు గది

మా జిల్లేళ్లదొరువు హైస్కూలు కమిటీకి నేను చైర్మన్ని. ఆ పదవి నాకెలా వచ్చిందంటే, చైర్మన్ కూర్చునే కుర్చీకి ఒక కాలు వదులు. దానిమీద పడిపోకుండా కూర్చోవడం ఊళ్లో నా ఒక్కడికే చేతనయింది. చదువంటారా, ఆరో తరగతి. ఆ బళ్లోనే, రెండుసార్లు. నేను చెప్పేవాటిల్లో రూపాయికి పావలా ఎక్కువుంటుందని మావాళ్లంటారు. ఈ సంగతి మాత్రం పావలా తగ్గించే చెబుతున్నాను. ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ నమ్మరు.

నిరుడు దసరా సెలవులు అయిపోయిన మర్నాడు పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. హెడ్మిస్ట్రెస్ సామ్రాజ్యంగారు కబురుచేసి నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించారు. రెండో వాక్యానికి నేను లేచి నిలబడ్డాను. అది అలాంటి భాష.

"ఇందుమూలముగా సమస్త ఉపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, బోధన అనునది బోధకుని మనస్సు నుండి విద్యార్థి మనస్సులోనికి వైఖరి ప్రవహించు ప్రక్రియ అని మనస్తత్వ నిపుణులచే నిర్ధారించబడినది. పాఠ్యాంశము అట్టి ప్రవాహమునకు కేవలము గొట్టము వంటిది. కావున ఇకమీదట గొట్టమును గాక ప్రవాహమును కొలువవలసినదిగా ఆదేశించడమైనది."

గొట్టం లేకుండా నీళ్లెలా వస్తాయమ్మా అని అడిగాను. అది సర్క్యులర్లో లేదు బాబాయిగారూ అన్నారావిడ, కాయితం అటూ ఇటూ తిప్పి చూసి.

ఉన్నదేమిటంటే, ప్రతి ఉపాధ్యాయుడి వైఖరినీ కొలుస్తారు. పది ప్రశ్నలు, ప్రశ్నకి పది మార్కులు. అరవై వస్తే క్లాసుకి పోవచ్చు. రాకపోతే గడప తొక్కకూడదు. చెడ్డ వైఖరి పిల్లల్లోకి ప్రవహిస్తుందట. అరవై రానివాడు రోజూ బడికి రావాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి, సాయంత్రందాకా 'వైఖరి దిద్దుబాటు గది'లో కూర్చుని అద్దంలో తన మొహం తాను చూసుకోవాలి. అద్దం ప్రభుత్వమే పంపిస్తుంది. ఆరడుగుల నిలువు, నాలుగడుగుల అడ్డం.

ఇది వినగానే నాకూ సామ్రాజ్యంగారికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. ఇద్దరం పేరు పైకి చెప్పుకోలేదు.

పేరయ్య మాస్టారు లెక్కలు చెబుతాడు. మా ఊరొచ్చి ఇరవై రెండేళ్లు. గడిచిన పదకొండేళ్లలో పదో తరగతి లెక్కల్లో మా బళ్లో ఒక్కడూ తప్పలేదు. చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు పిల్లల్ని సైకిళ్ల మీద పంపేది ఆయన కోసమే. కానీ ఆయన మొహం పుట్టుకతోనే శేషం మిగిలిన భాగహారం. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. నోరే. "ఒరే, నువ్వు భాగహారం చేస్తుంటే అన్నదమ్ముల పంపకాలు గుర్తొస్తున్నాయిరా, చివరికి ఎవడికీ ఏమీ మిగల్లేదు" అంటాడు. "ఏమ్మా, ఈ త్రిభుజానికి నాలుగో కోణం ఎక్కడ కొన్నావు, సంతలోనా" అంటాడు. శుభలేఖ ఇవ్వడానికొచ్చిన పాత శిష్యుడిచేత కూడా ముందు పదిహేడో ఎక్కం చెప్పించుకుని, ఆ తర్వాతే అమ్మాయి ఏ ఊరని అడుగుతాడు. పిల్లలు ఆయన తిట్లని ఇంటికి తెచ్చుకుని అన్నాల దగ్గర ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు. ఆ తిట్లతోపాటు లెక్కలు కూడా ఇంటికొస్తాయి, అదీ కిటుకు.

కొలవడానికి మండల వైఖరి పరిశీలనాధికారి కరుణాకర్ గారు వచ్చారు. మెత్తని మనిషి. అంత మెత్తగా మాట్లాడేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు, ఆయన నమస్కారం పెడితే మనకి జోలపాడినట్టుంటుంది. కమిటీ చైర్మన్ని కాబట్టి నన్ను పక్కన సాక్షిగా కూర్చోబెట్టారు. అలా నేను చెవులారా విన్నాను.

"ఒక పీరియడులో మీరు ఎన్నిసార్లు నవ్వుతారండీ?"

"లెక్క సరిగ్గా చేస్తే ఒకసారి" అన్నాడు పేరయ్య మాస్టారు.

"అంటే రోజుకి?"

"వారానికి."

కరుణాకర్ గారు ఏదో రాసుకుని, బిడ్డ తప్పు జవాబు చెప్పినప్పుడు మీకేమనిపిస్తుంది అని అడిగారు. తప్పు అనిపిస్తుంది అన్నాడీయన. జవాబు సంగతి కాదండీ, మీ హృదయంలో ఏమనిపిస్తుంది అని ఆయన ఇంకాస్త మెత్తగా అడిగారు. హృదయంలో కూడా తప్పే అన్నాడీయన.

"పోనీ, మీ లోపల ఒక బాలుడున్నాడు చూడండి. ఆ బాలుడు ఈ క్షణం ఏం చేస్తున్నాడు?"

పేరయ్య మాస్టారు నిజంగానే ఆలోచించాడు. "హోంవర్కు" అన్నాడు.

పదకొండొచ్చింది నూటికి.

మిగతావాళ్లకి ఇబ్బంది రాలేదు. సోషలు మాస్టారికి ఎనభై ఎనిమిది. ఆయన క్లాసులో నిద్రపోతాడు, నిద్రలో నవ్వుతాడు. సామ్రాజ్యంగారికి డెబ్భై రెండు. ఆ నెంబరు చెప్పినప్పుడు ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఆనందబాష్పాలని చెప్పి నేనే సర్దాను.

మర్నాటినుంచి పేరయ్య మాస్టారికి గది. ఒకప్పుడు ఆటసామాను పెట్టుకునేవాళ్లు అందులో. గాలిపోయిన ఫుట్‌బాళ్లు ఒక మూల, తెగిన తాడు ఒక మూల, మధ్యలో ఆరడుగుల అద్దం, అద్దం ముందు ఈయన. సందుకవతల పదో తరగతి, ముప్ఫై ఒక్కమంది. పరీక్షలు మార్చిలో. మధ్యనున్నది పదడుగులు, ఆ పదడుగులు ఈయన దాటకూడదు. పీరియడు గంట కొట్టినప్పుడల్లా పేరయ్య మాస్టారు అలవాటుకొద్దీ లేచి, సుద్దముక్క తీసుకుని, గుమ్మందాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చునేవాడు. వారం రోజులు చూశాను. ఆ తర్వాత ఆ వేళకి అటు పోవడం మానుకున్నాను.

లెక్కలెవరు చెప్పాలి అని సామ్రాజ్యంగారు పైకి రాశారు. పదిహేను రోజులకి జవాబొచ్చింది. బోధనకు అర్హత పట్టా అను భావన పాతబడినదనీ, సమాజమునందు అరవైకి మించిన వైఖరి గల ఎవరైననూ బోధింపవచ్చుననీ, అత్యధిక వైఖరి గల వ్యక్తిని గ్రామమునందే గుర్తించి నియమించవలసినదనీ.

కరుణాకర్ గారు మళ్లీ దిగి ఊరంతా కొలిచారు. రచ్చబండ దగ్గర బల్ల వేసుకుని మూడు రోజులు. పొలాలకి పోయేవాళ్లు కొలిపించుకుని పోయేవాళ్లు. నలభై వచ్చినవాడు ముప్ఫై వచ్చినవాణ్ణి చూసి మీసం దువ్వాడు. రెండు కుటుంబాలు ఈ నెంబర్లు చూసుకుని ఖాయమైన సంబంధం వదులుకున్నాయి. నాకు యాభై ఎనిమిది వచ్చింది. ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేసినందుకు రెండు కొట్టేశారు, లేకపోతే నేను కూడా పదో తరగతికి పాఠం చెప్పి ఉందును.

ఊరిమొత్తానికి మొదటివాడు సింగారయ్య. తొంభై ఏడు.

సింగారయ్య మైకుసెట్లు అద్దెకిస్తాడు. అతని నవ్వు సంగతి మీకు తెలియదు. పుట్టినప్పుడు ఏడవలేదని మంత్రసాని భయపడింది, చూస్తే నవ్వుతున్నాడు. ఆనాటినుంచి ఆగలేదు. తేలు కుడితే నవ్వాడు. ఇల్లు కాలితే నవ్వుతూనే నీళ్లు పోశాడు. చావింటికి మైకు పంపిస్తాడు గానీ తాను వెళ్లడు, ఒకసారి వెళితే శవం తాలూకువాళ్లు వెంటపడి పొలిమేర దాటించారు. తొంభై ఏడే ఎందుకు, వంద ఎందుకు రాలేదంటే, కొలుస్తుండగా మధ్యలో టీ తాగాడు. తాగినంతసేపు నవ్వు పెదాలమీద కనపడలేదట.

మనిషి మంచివాడు. నాకు ఎక్కాలే రావు తాతా, నేనేం చెప్పను అని నా దగ్గరకొచ్చి మొత్తుకున్నాడు, నవ్వుతూనే. కరుణాకర్ గారు అతని భుజం తట్టి, మీకు రాదన్నది మీ బలమండీ, మీ ప్రవాహానికి గొట్టం అడ్డు లేదు అన్నారు.

ఇక పదో తరగతిలో ఆనందమే. సింగారయ్య బోర్డు దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ జవాబు అడుగుతాడు. ఏం చెప్పినా నవ్వుతాడు. 'తప్పు' అనే మాట పిల్లల మనస్సుకి గాయమనీ, దాని బదులు 'ఇంకో రకం సరి' అని వాడాలనీ అప్పటికే ఒక ఆదేశం వచ్చి ఉంది. ఒకే లెక్కకి బోర్డుమీద ముప్ఫై ఒక్క జవాబులు, అన్నిటికీ టిక్కు. తల్లిదండ్రులు కూడా మొదట సంబరపడ్డారు. మావాడు నవ్వుతూ బడికి పోయి నవ్వుతూ ఇంటికొస్తున్నాడని నాతో చెప్పుకున్నారు.

డిసెంబరులో తాపీమేస్త్రీ బాలాంజనేయులు గొడ్లచావిడి కడుతూ, గోడ ఎత్తు లెక్కెయ్యమని పదో తరగతి చదివే కొడుకుని అడిగాడు. వాడు లెక్కేశాడు. ఒక గోడ పన్నెండడుగులు లేచింది, ఎదురుగోడ ఏడడుగుల దగ్గర ఆగింది. పైకప్పు ఎక్కిస్తే జారి గేదెల మీద పడింది. తప్పు చేశావేరా అని తండ్రి చెయ్యెత్తితే, తప్పు కాదు నాన్నా, ఇంకో రకం సరి అన్నాడు వాడు. బాలాంజనేయులు ఆ ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నా ఇంటికొచ్చి నిలబడ్డాడు.

అర్ధసంవత్సర పరీక్ష పెట్టారు. ముప్ఫై ఒక్కమందిలో లెక్కల్లో గట్టెక్కినవాళ్లు ఇద్దరు. ఒకడు పేరయ్య మాస్టారి దగ్గర పోయినేడు తప్పించుకోకుండా కూర్చున్నవాడు, రెండోది మస్తాన్‌బీ. ఆ పిల్ల తండ్రి మోటారు మెకానిక్కు. దానికి ఇంజనీర్ల బడిలో సీటు కావాలి. లెక్కల్లో తొంభై దాటకపోతే రాదు. దానికొచ్చింది ముప్ఫై ఎనిమిది. ఆ కాయితం పట్టుకుని నా అరుగుమీద కూర్చుని, తాతా, మూణ్ణెల్లలో ఎట్టా అంది.

నేను మండలానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. పేరయ్య మాస్టారిని గదిలోంచి వదలమని. కరుణాకర్ గారు కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, అంతా విన్నారు. మీ ఆవేదన మాకు ప్రవహించిందండీ అన్నారు. కాకపోతే మార్కులు తగ్గడానికి కారణం గురువుల్లో లేదనీ, గురువు వైఖరి తొంభై ఏడు ఉన్నా శిష్యుడి వైఖరి తక్కువైతే ప్రవాహం వెనక్కి తంతుందనీ, ఇది నిపుణులు ముందే ఊహించారనీ, అందుచేత ఇకమీదట విద్యార్థుల వైఖరిని కూడా కొలవబోతున్నారనీ చెప్పారు. ఉత్తర్వు అచ్చవుతోందట.

"అరవై రాని పిల్లల్ని ఏం చేస్తారండీ?" అన్నాను.

"శిక్షించమండీ. దిద్దుబాటు గదికి పంపుతాం. అద్దంలో చూసుకుంటారు. వైఖరి బాగుపడేదాకా అక్కడే."

"ఆ గదిలోనే?"

"మీ బడికి అద్దం ఒక్కటే కదండీ ఇచ్చాం" అన్నారాయన.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేశాను. దారిలో బస్సు దిగి నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదంటే ఒట్టు.

పిల్లల్ని కొలిచేది హెడ్మిస్ట్రెస్, ప్రతి సోమవారం. చూసేవన్నీ మొహంలోవే, నవ్వూ, ఉత్సాహమూ, కళ్లల్లో వెలుగూ. మస్తాన్‌బీకి సంగతి ఒక్క ముక్కలో చెప్పాను. ఆ పిల్ల వెంటనే, "తాతా, ఏడుపుగొట్టు మొహం ఎట్టా పెట్టాలి?" అంది.

అది చెప్పడానికి నేను చాలను. మా ఇంటావిడకి అప్పజెప్పాను. ఆవిడ యాభై ఎనిమిదేళ్లుగా అలకలో ఆరితేరిన మనిషి. ఆవకాయ జాడీ మూత సరిగ్గా పెట్టలేదని ఉగాదినాడు అలిగి వినాయకచవితికి మాట్లాడింది. ఒక్క ఆదివారంలో పిల్లకి మెలకువలన్నీ నేర్పింది. కనుబొమలు దగ్గరికి రానివ్వకూడదు, అది కోపం. పెదవి ముందుకు పెట్టకూడదు, అది చంటిపిల్లల అలక. ఎదుటివాళ్ల భుజం మీదుగా ఎక్కడో చూడాలి, ఏమైందని అడిగితే ఏం లేదనాలి. ఆ 'ఏం లేదు' అనడంలోనే ఉంది విద్య అంతా.

సోమవారం మస్తాన్‌బీకి ఇరవై రెండు వచ్చింది. నోటుబుక్కు పరికిణీలో దోపుకుని గదికి పోయింది.

లోపల జరిగింది ఆ పిల్లే తర్వాత మాకు చెప్పింది. పేరయ్య మాస్టారు నిజంగానే కంగారుపడ్డాడట. ఇన్నేళ్లలో ఎవర్నీ ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాడట, నీకేం కష్టమొచ్చిందమ్మా అని.

"త్రికోణమితి సార్" అందట ఇది.

ఆయన జేబులో సుద్దముక్క తడుముకున్నాడట. తర్వాత, "నోటుబుక్కు తెచ్చావా" అన్నాడు.

బ్లాక్‌బోర్డు లేదు. గదిలో బోర్డు ఉండరాదని సర్క్యులర్లోనే ఉంది. అందులో ఇంకోటి కూడా ఉంది, గదిలోనివారు అద్దమును వీక్షించుచుండవలెనని. పేరయ్య మాస్టారు సుద్దముక్క తీసి అద్దంమీద లెక్క వేశాడు. ఉల్లంఘన ఏమీ లేదు. పిల్ల అద్దమే చూస్తోంది. అంకెల వెనకాల దాని మొహం దానికి కనబడుతూనే ఉంది.

రెండో సోమవారం తొమ్మిదిమంది అలిగారు. మూడో సోమవారం పదిహేడుమంది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ముప్ఫై ఒక్కరూ. ఆ రోజుల్లో మా ఇంటి ముందు సాయంత్రంపూట వరసగా పిల్లలు ఎవరి భుజం మీదుగానో ఎటో చూస్తూ, ఏం లేదు, ఏం లేదు అని అభ్యాసం చేస్తుంటే దారినపోయే పాలవాడు భయపడి చుట్టూ తిరిగి పోయేవాడు. బాలాంజనేయులు కొడుకు ఒక్కడే అలక పట్టుబడక రెండు వారాలు వెనకపడ్డాడు. చివరికి కూలిన గొడ్లచావిడి తల్చుకోరా అని మా ఆవిడ సలహా ఇస్తే ఒక్కరోజులో పద్నాలుగు తెచ్చుకున్నాడు.

పదో తరగతి గదిలో సింగారయ్య ఖాళీ బెంచీలకి నవ్వుతూ మిగిలాడు. రెండు రోజులు చూసి అతను కూడా దిద్దుబాటు గదికొచ్చాడు. తొంభై ఏడు కాబట్టి లోపలికి రానివ్వడానికి రూలు లేదు. కిటికీ చువ్వలు పట్టుకుని బయట నిలబడి వినేవాడు. ఫిబ్రవరి మధ్యకి అతనికి పన్నెండో ఎక్కందాకా వచ్చేసింది.

సామ్రాజ్యంగారు ఆ సందులోంచి నడిచేటప్పుడు తల అవతలి వైపుకి తిప్పుకునేవారు. నన్ను పక్కకి పిలిచి, బాబాయిగారూ, నేనేమీ చూడలేదు, నాది డెబ్భై రెండు, చూస్తే తగ్గుతుంది అన్నారు. ఆవిడే ఆ సాయంత్రం సుద్దముక్కల పెట్టె ఒకటి గది గుమ్మం దగ్గర మరిచిపోయి వెళ్లారు. వారానికొకటి మరిచిపోయేవారు.

పరీక్షలకి మూడు వారాలుందనగా కరుణాకర్ గారు తనిఖీకొచ్చారు. కబురు లేకుండా. నేరుగా గదిలోకి వెళ్లారు, వెనకాల నేను, నా వెనకాల సామ్రాజ్యంగారు. లోపల ముప్ఫై ఒక్కమంది లెక్క తేలక బొమలు ముడిచి అద్దంలోకి చూస్తున్నారు. పేరయ్య మాస్టారి చేతిలో సుద్దముక్క. ఇది పట్టుబడితే ఆయన ఈసారి గదికి కాదు, ఇంటికే.

కరుణాకర్ గారు అద్దంమీది రాతని చూసి, ఇదేమిటండీ అన్నారు.

"లెక్క" అన్నాడు పేరయ్య మాస్టారు. అబద్ధమాడితే ఏంపోయిందో.

"జీవితం లెక్కా?"

"పదో తరగతి లెక్క."

కరుణాకర్ గారు చాలాసేపు తల ఊపారు. జేబులోంచి డైరీ తీసి అక్కడే రాసుకున్నారు. 'దిద్దుబాటులోనున్న వారు తమ జీవితమును పదో తరగతి స్థాయిలో లెక్క చూసుకొనుచున్నారు. మిక్కిలి లోతైన ఆత్మపరిశీలన. బొమలు ముడిపడినవి.' వెళ్లేటప్పుడు మస్తాన్‌బీ తలమీద చెయ్యివేసి, ఏమ్మా, ఇంకా దిగులుగానే ఉందా అన్నారు. ఏం లేదండీ అంది ఆ పిల్ల, ఆయన భుజం మీదుగా ఎటో చూస్తూ. ఆయనకి కళ్లు చెమర్చాయి.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటి. మస్తాన్‌బీకి లెక్కల్లో తొంభై ఆరు. జిల్లాలో మిగతా బళ్లలో లెక్కలు కుప్పకూలాయి. అక్కడ అందరి వైఖరీ బాగుంది.

కథ ఇక్కడ అయిపోవాలి. ఇంగితం ఉంటే అయిపోతుంది.

పైవాళ్లు కాయితాలు ముందేసుకుని ఆలోచించారు. జిల్లేళ్లదొరువులో జరిగినదీ, మిగతాచోట్ల జరగనిదీ ఏమిటి? పిల్లలందరూ అద్దం ముందు కూర్చోవడం. కావున అద్దము పనిచేసినది. ప్రతి బడికీ తరగతికొకటి చొప్పున అద్దాలు మంజూరయ్యాయి. మాస్టారు అనే మనిషి కూడా ఆ గదిలో ఉన్నట్టు ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. అదే ముంచింది. ఆయన్ని జిల్లా కేంద్రంలో పెట్టబోయే అద్దాల శిక్షణా సంస్థకి ప్రధానాచార్యులుగా వేస్తూ ఉత్తర్వు తయారయింది. గది, ఫ్యాను, బంట్రోతు, తిరుగుళ్లకి జీపు. సుద్దముక్కతో పని లేదు. రిటైరయ్యేదాకా ఉన్న రెండేళ్లూ అక్కడే.

ఒక్కటే అడ్డు. ఆ పదవికి కూడా వైఖరి అరవై ఉండాలి. బడి తెరిచిన రోజున కరుణాకర్ గారు స్వయంగా వచ్చి మళ్లీ కొలుస్తారని చెప్పారు.

బడి తెరవకముందే కొత్త పదో తరగతివాళ్లు ఇరవై ఎనిమిదిమంది మా ఆవిడ దగ్గర అలక నేర్చుకుని సిద్ధంగా ఉన్నారు. మాస్టారు వెళ్లిపోతే ఆ గదిలో అద్దం ఒక్కటే ఉంటుందన్నమాట. నేను ముందురోజు పేరయ్య మాస్టారింటికి పోయి, పోతారా మాస్టారూ అని అడిగాను.

"అరవై వస్తే పోవాలి. రాకపోతే ఉండాలి. అందులో నేననుకునేదేముంది అన్నా."

పోనీ రేపు నాలుగు మాటలు కటువుగా చెప్పకూడదా అన్నాను. పోయినసారికంటే ఇంకాస్త.

"అడిగినదానికి ఉన్నది చెబుతాను. ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను" అన్నాడు. అని, పెరట్లోకి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ మొహంలో ఇంకెవరైనా ఏమీ చూడలేరు గానీ, నేను ఆయన్ని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను.

మర్నాడు బడి ముందు షామియానా. అధికారుల జీపులు మూడు. సింగారయ్య మైకు పెట్టాడు. ఊరంతా ఉంది. ఇరవై ఎనిమిదిమంది పిల్లలు ఒక పక్కన నిలబడి ఉన్నారు, వాళ్ల మొహాలకి ఆ రోజు అభ్యాసం అక్కర్లేకపోయింది.

కరుణాకర్ గారు మొదలుపెట్టారు. ప్రశ్నలు అవే. జవాబులూ అవే. మారింది రాసుకునేది. ఎందుకంటే ప్రధానాచార్యుల పేరు అప్పటికే పైకి వెళ్లిపోయింది, బోర్డు కూడా రాయించారు. వారానికి ఒకసారి నవ్వుతాను అంటే 'నవ్వు విలువ ఎరిగినవారు' అని ఏడు మార్కులు వేశారు. తప్పు జవాబు విన్నప్పుడు హృదయంలో కూడా తప్పే అంటే 'హృదయమునకూ బుద్ధికీ భేదము లేదు' అని ఆరు. లోపలి బాలుడు హోంవర్కు చేస్తున్నాడంటే 'బాలుడు శ్రమజీవి' అని ఎనిమిది. కొన్నిటికి ఎంత ప్రయత్నించినా దారి దొరక్క రెండు, మూడు, నాలుగు. ఒకచోట పేరయ్య మాస్టారు ఏమీ అనకుండా ఆయన వైపు చూశాడు, అది 'మౌనము' అని తొమ్మిది.

పదీ అయ్యాయి. కరుణాకర్ గారు కిందికి కూడుకుంటూ పోయి, మైకు దగ్గరికి వంగి, అరవై నాలుగు అన్నారు.

అధికారులు చప్పట్లు కొట్టారు. ఊరు కొట్టలేదు. పిల్లల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. దండ పట్టుకుని ఒకాయన లేచాడు.

పేరయ్య మాస్టారు దండవైపు చూడలేదు. బల్లమీది కాయితాన్ని తలకిందులుగానే చూస్తున్నాడు. ఇటివ్వండి అని చెయ్యిజాపాడు. ఇచ్చారు, సంతకానికనుకుని. ఆయన ఎర్రపెన్ను తీసి, మొదటి అంకెనుంచి పెదాలు కదుపుతూ వచ్చి, ఎనిమిదో అంకె దగ్గర ఆగాడు.

"ముప్ఫై అయిదూ తొమ్మిదీ నలభై నాలుగు. మీరు యాభై నాలుగు వేసుకున్నారు. మొత్తం యాభై నాలుగే."

ఆ మాట మైకులో ఊరంతటికీ వినపడింది. కరుణాకర్ గారు ఆ తప్పు తెలిసి చేశారో తెలియక చేశారో ఇప్పటికీ నేను చెప్పలేను. ఆయన మొట్టమొదటిసారి మెత్తదనం కొంచెం జారిన గొంతుతో, మాస్టారూ, ఇది కూడికకి సంబంధించిన విషయం కాదండీ, మీ వైఖరికి సంబంధించినది, కాస్త ఆలోచించండి అన్నారు.

"వైఖరి సంగతి మీరు చూసుకోండి. కూడిక తప్పు."

అధికారులు ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. రూళ్ల పుస్తకం తెప్పించారు. అందులో దొరికింది. బహిరంగ సభయందు పై అధికారుల లోపమును ఎత్తిచూపు స్వభావము గలవారికి పది మార్కులు తగ్గించవలెను. కరుణాకర్ గారు కాయితం వెనక్కి తీసుకుని, యాభై నాలుగు కింద అడ్డగీత గీసి, పది తీసేసి, కొత్త మొత్తం వేసి, అధికారపు సిరాతో చుట్టు చుట్టి, ఇక సంతకం పెట్టండి అని ఆయన ముందుకి తోశారు.

పేరయ్య మాస్టారు కళ్లజోడు సవరించుకుని మళ్లీ మొదటినుంచీ సరిచూశాడు. తొందరేమీ పడలేదు.

"నలభై నాలుగు. ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. దానిపక్కన ఎర్రపెన్నుతో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చేశాడు. తర్వాత పక్కన నిలబడ్డ ఇరవై ఎనిమిదిమంది వైపు తిరిగి, ఏం చూస్తున్నార్రా, బడి తెరిచి గంటన్నర అయింది, అలగండి అన్నాడు.